డబ్బాలోని బలము

పుత్తూరు పేరు చెప్పగానే ఎముకల కట్టు జ్ఞప్తికి రానివారుండరు. ఆ చెంతనున్న రాచపాళెమునకు ఆకుపసరుతో, కోడిగ్రుడ్డు సొనతో, వెదురుబద్దలతో కట్టు కట్టించుకొనుటకు దూరప్రాంతములనుండియు జనులు వచ్చుచున్నారు. అచ్చట నొక తల్లి, పరుగుపందెములలో పాల్గొను తన కుమార్తెకు కాలియెముక చిట్లినదని మాతో చెప్పి, "అమ్మా, ఈ పొడి పాలలో కలిపియిచ్చిన బలము వచ్చునందురు, ఇయ్యవచ్చునా?" యని సంచిలోని డబ్బా చూపెను. దాని వెల ఆ యింటి నెల బియ్యపు వెలకు తక్కువ కాదు.

డబ్బామాట విడిచి, పిల్ల యేమి తినుచున్నదని యడిగితిమి. ఉదయము కాఫీ మాత్రమే; బరువు పెరుగునను భయముచే రాత్రి యన్నము మానినదట. ముట్టు నిలిచి ఐదు నెలలైనదట. "ఆటలాడు పిల్లలకు అది మామూలే కదా!" యనెను తల్లి. కాదు, కాదు. శ్రమకు తగిన తిండి లేనప్పుడు దేహము ఋతుక్రమము నాపివేయును; ఎముకను కాపాడు ఈస్ట్రోజెను తగ్గును; దెబ్బ తగులకయే యెముక చిట్లుటకు ఇదియొక కారణము. కట్టు ఎముకను కదలకుండ నిలుపునే కాని, అదేల చిట్లినదో చెప్పదు. మూడునెలలు ముట్టు రానిచో వైద్యురాలికి చూపి తీరవలయును.

డబ్బాలన్నియు వ్యర్థములని మా యభిప్రాయము కాదు. తినుటకు వేళ చాలని క్రీడాకారులకు మాంసకృత్తుల పొడి యుపకరించును. క్రియాటిన్ అనునది బరువులెత్తువారికి కొంత శక్తినిచ్చుట నిజమే; పసివయసువారికి మాత్రము తగదని శిశువైద్యులందురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఈ పొడుల జోలికి పోవలదనియే సూచించిరి. దేహపు తూకము కిలో 1కి 1.6 గ్రాములకు మించి మాంసకృత్తులు తినినను కండకు అధికలాభము లేదట. 45 కిలోల పిల్లకు అది 72 గ్రాములు. గ్రుడ్డున 6 గ్రాములు, గుప్పెడు వేరుసెనగలలో 7 గ్రాములు కలవు. ఉలవలు, పప్పు, పెరుగు మన యింటనే యున్నవి. ఇక సున్నమునకు రాగిసంగటిని మించినదేది?

మరియొక యపాయము కలదు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో 4×400 మీటర్ల పరుగున స్వర్ణపతకము గెలిచిన మన స్త్రీల జట్టులోని మువ్వురు, మరుసటి యేడు నిషిద్ధమైన స్టెరాయిడు వాడినట్లు పరీక్షలో పట్టుబడిరి. చైనాలో కొన్న జిన్సెంగు బలవర్ధకములో అది కలిసియున్నదని వాదించినను రెండేండ్ల నిషేధము తప్పలేదు. డబ్బాలో నేమున్నదో తెలియదనుట అచ్చట చెల్లదు.

ఆ తల్లి అంతయు విని, డబ్బాను సంచిలో పెట్టుకొని, తిరుపతికి బస్సు ఎన్నిగంటలకని యడిగెను.