ఫోనూ ఇయర్‌బడ్సూ: జత ఎలా కుదురుతుంది, ఎందుకు తెగుతుంది?

నిన్న రాత్రి దాకా చక్కగా పాడిన ఇయర్‌బడ్స్ తెల్లారేసరికి ఫోన్‌కు దొరకవు. ఇంకోసారి తెర మీద ‘కనెక్టెడ్’ అని చూపిస్తూనే ఉంటుంది, పాట మాత్రం ఫోన్ స్పీకర్‌లోంచి బయటికి వస్తుంది. చాలామంది బ్లూటూత్‌ను నాలుగుసార్లు ఆపి, వేసి, చివరికి వస్తువే పాడైందని తేల్చేస్తారు. కొందరు కొత్తది కొనేస్తారు. చాలా సందర్భాల్లో ఆ ఖర్చు అక్కర్లేదు.

పాట చెవిలో వినిపించాలంటే నాలుగు మెట్లు దాటాలి. ఫోన్‌కు ఇయర్‌బడ్స్ కనిపించాలి. రెంటికీ జత కుదరాలి. వాడే ప్రతిసారీ అవి ఒకదాన్నొకటి వెతుక్కుని కలవాలి. కలిశాక ధ్వని తెగకుండా అందాలి. తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

జత చేయడం, కనెక్ట్ కావడం ఒకటేనా?

కాదు. జత చేయడం ఒక్కసారి జరిగే పని, కనెక్ట్ కావడం రోజూ జరిగే పని. చాలా చిక్కులు ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే విడవవు.

ప్రతి బ్లూటూత్ పరికరానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. తెర మీద కనిపించే పేరు మన సౌకర్యం కోసం. పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ఆ చిరునామాతోనే. జత చేసేటప్పుడు ఫోనూ ఇయర్‌బడ్సూ కొన్ని సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటి మీద ఎవరి లెక్క వారు చేసుకుని, రెండూ ఒకే రహస్య సంఖ్యకు చేరతాయి. ఆ రహస్యం గాల్లో ప్రయాణించదు కాబట్టి పక్కన కూర్చుని సంకేతాలు వినేవాడికి అది చిక్కదు. ఈ పద్ధతి 2007లో బ్లూటూత్ 2.1తో వచ్చింది. అంతకుముందు హెడ్‌సెట్ జత చేయాలంటే ఫోన్‌లో ‘0000’ లాంటి అంకెలు కొట్టాల్సి వచ్చేది.

అలా కుదిరిన రహస్యాన్ని రెండూ తమ తమ మెమరీలో దాచుకుంటాయి. మర్నాడు కేసు మూత తీయగానే ఇయర్‌బడ్స్ పాత ఫోన్‌ను వెతుకుతాయి, ఆ రహస్యం తమ దగ్గర ఉందని రెండూ ఒకదానికొకటి రుజువు చేసుకుంటాయి, పాట మొదలవుతుంది. ఈ జ్ఞాపకం రెండు చోట్లా ఉండాలి. ఒకచోట చెరిగి రెండో చోట మిగిలితే ఎన్నిసార్లు కనెక్ట్ నొక్కినా పని కాదు.

మొదటిసారి జత చేయడం ఎలా?

ముందు రెంటికీ చార్జింగ్ చూడండి. ఇయర్‌బడ్స్ రెంటినీ కేసులో పెట్టి మూత తెరవండి. చాలా మోడళ్లలో కేసు మీద బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి. లైటు మెరుస్తూ ఉంటే అది పెయిరింగ్ మోడ్‌లోకి వచ్చినట్టు. నెక్‌బ్యాండ్‌లోనూ పెద్ద హెడ్‌ఫోన్స్‌లోనూ సాధారణంగా పవర్ బటన్‌నే మామూలు కన్నా ఎక్కువసేపు నొక్కాలి. మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి డబ్బాలో వచ్చిన చిన్న కాగితాన్ని పారేయకండి. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచి, కొత్త పరికరాన్ని పెయిర్ చేసే చోట పేరు నొక్కితే చాలు.

పెయిరింగ్ మోడ్ కొద్ది నిమిషాలే ఎందుకు ఉంటుందన్న అనుమానం రావచ్చు. ఇయర్‌బడ్స్‌కు తెర లేదు, కాబట్టి అవతల ఉన్న ఫోన్ ఎవరిదో అంకెలు చూపించి నిర్ధారించుకునే దారి వాటికి లేదు. అందుకే తలుపు కాసేపే తీసి వెంటనే మూసేస్తాయి. జనం మధ్య కన్నా ఇంట్లో జత చేసుకోవడం మంచిది. మీరు కోరకుండా ఫోన్‌లో జత చేయమంటూ అభ్యర్థన వస్తే ఒప్పుకోకండి.

జాబితాలో పేరే రావడం లేదు, ఎందుకు?

ఎక్కువగా కారణం ఒక్కటే: ఇయర్‌బడ్స్ పెయిరింగ్ మోడ్‌లో లేవు. ఆన్ అయి ఉండటం వేరు, కొత్తవారికి కనిపించేలా ఉండటం వేరు. మామూలుగా ఆన్ చేస్తే అవి పాత పరిచయస్తుల కోసమే చూస్తాయి. కొత్త ఫోన్‌కు తమ ఉనికి చాటుకోవు.

రెండో కారణం, అవి అప్పటికే ఇంకో ఫోన్‌కో టీవీకో కలిసి ఉండటం. ఇంట్లో ఎవరైనా ఒక్కసారి వాడి ఉంటే ఆ ఫోన్‌లో బ్లూటూత్ ఆపి చూడండి. మూడోది, కంపెనీ యాప్‌లోంచి వెతకడం. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఉన్న ఫోన్లలో యాప్ బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైజెస్’ అని విడిగా అనుమతి అడుగుతుంది. అది నిరాకరించి ఉంటే యాప్‌కు ఏమీ కనిపించదు. ఫోన్ సెట్టింగ్స్‌లోంచే వెతికితే ఈ ఇబ్బంది ఉండదు.

అమీర్‌పేట హాస్టల్ గదుల్లాంటి చోట ఇంకో చిక్కు ఉంది. ఒకే మోడల్ నలుగురి దగ్గర ఉంటే జాబితాలో ఒకే పేరు నాలుగుసార్లు వస్తుంది. మిగతావాళ్లవి కేసులో పెట్టించి మీవి జత చేసుకోండి. వెంటనే ఫోన్‌లో వాటి పేరు మార్చుకుంటే తర్వాత తికమక ఉండదు.

నిన్న కలిసినవి ఈరోజు ఎందుకు కలవవు?

ఇక్కడ రెండు కారణాలు వేరుచేసుకోవాలి. ఒకటి, ఇంకెవరో ముందే అందుకున్నారు. ఇయర్‌బడ్స్‌కు పరిచయమైన ఫోన్లు ఎన్నో ఉండవచ్చు, ఒకేసారి కలిసేది మాత్రం సాధారణంగా ఒక్కదానితోనే. మల్టీపాయింట్ సౌకర్యం ఉన్నవి రెంటితో కలుస్తాయి. మూత తీయగానే దగ్గర్లో ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ వాటిని అందుకుంటే మీ ఫోన్‌కు చోటు దొరకదు. ఆ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపగానే దారి దొరికితే కారణం అదే.

రెండోది, జ్ఞాపకాలు సరిపోలకపోవడం. ఫోన్ రీసెట్ చేశారు, లేదా ఇయర్‌బడ్స్‌ను రీసెట్ చేశారు, లేదా చాలా పరికరాలతో జత చేయడం వల్ల ఇయర్‌బడ్స్ మెమరీ నిండి పాతవాటిలో మీ ఫోన్ పేరు చెరిగింది. ఒక వైపు పాత రహస్యం ఉంది, రెండో వైపు లేదు. ఫోన్ ప్రయత్నిస్తుంది, రుజువు కుదరదు, విరమిస్తుంది.

దీనికి మందు రెండు వైపులా చెరపడం. ఫోన్‌లో ఆ పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కి ‘ఫర్‌గెట్’ చేయండి. ఇయర్‌బడ్స్‌ను వాటి కాగితంలో చెప్పినట్టు రీసెట్ చేయండి. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. తర్వాత మొదటిసారి చేసినట్టే జత చేయండి. చాలామంది ఫోన్‌లో మాత్రమే చెరిపి, ఫలితం లేదని వదిలేస్తారు. రెండో సగం చేయకపోతే మొదటి సగం వృథా.

కనెక్టెడ్ అంటుంది, పాట రాదు. ఎలా?

బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, ఫోన్ మాటలకు ఇంకో దారి ఉన్నాయి. ఒకటి కలిసి రెండోది కలవకపోయినా తెర మీద కనెక్టెడ్ అనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో పరికరం పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కితే ‘ఫోన్ కాల్స్’, ‘మీడియా ఆడియో’ అని విడివిడి స్విచ్‌లు కనిపిస్తాయి. మీడియా ఆగి ఉంటే వేయండి. పాట వింటున్నప్పుడు వాల్యూమ్ బటన్ నొక్కి, ధ్వని ఎటు వెళ్తోందో కూడా చూడండి.

ఒక చెవిలోనే వినిపిస్తుంటే రెంటినీ కేసులో పెట్టి మూత వేసి, కాసేపాగి తీయండి. కుడి ఎడమలు తమలో తాము మళ్లీ కలుస్తాయి. అయినా మారకపోతే ఆ బడ్ చార్జింగే కాలేదేమో చూడండి. చెమట, చెవి గులిమి చేరి కేసులోని చిన్న లోహపు బిందువులు అంటకపోతే పక్కది మాత్రమే నిండుతుంది. పొడి గుడ్డతో మెల్లగా తుడవండి.

పాట మధ్య మధ్యలో ఎందుకు తెగుతుంది?

ఇది రేడియో తరంగాల సంగతి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. ఆ మేరలో తక్కువ శక్తితో నడిచే పరికరాలకు మన దేశంలో 2005 నిబంధనలతో లైసెన్సు అవసరం తొలగింది. ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టే అక్కడ రద్దీ. వైఫై రూటర్లలో చాలా భాగం అక్కడే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పనిచేస్తుంది.

ఇంత రద్దీలో బ్లూటూత్ ఎలా నెగ్గుకొస్తుంది? పాటలు మోసే సంప్రదాయ బ్లూటూత్ ఆ మేరను 79 చానళ్లుగా పంచుకుని, సెకనుకు 1600 సార్లు దాకా ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కు దూకుతుంది. ఎప్పుడు ఎటు దూకాలో ఫోన్‌కూ ఇయర్‌బడ్స్‌కూ ముందే తెలుసు. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి దానికి ఇంకో నేర్పు వచ్చింది: వైఫై ఆక్రమించిన చానళ్లను గమనించి వదిలేస్తుంది. తిరునాళ్లలో చెయ్యి వదలకుండా, జనం పలచగా ఉన్న వైపుకు తప్పుకుంటూ నడిచే ఇద్దరిలా సాగుతుంది. తప్పిపోయిన ధ్వని ముక్కను మళ్లీ పంపుతుంది. ఆలోగా వినిపించడానికి ఇయర్‌బడ్స్ కొంత ధ్వనిని ముందే నిల్వ ఉంచుకుంటాయి. ఆ నిల్వ అయిపోయేంతగా ముక్కలు పోతే మనకు పాట తెగినట్టు వినిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డు మన ఒళ్లే. శరీరంలో ఎక్కువ భాగం నీరు, నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. గదిలో గోడలు తరంగాలను వెనక్కి కొట్టి చెవిదాకా చేరుస్తాయి. మైదానంలో నడకకు వెళ్తే ఆ గోడలు ఉండవు. గదిలో బాగా పనిచేసి బయట తెగడానికి ఎక్కువగా కారణం ఇదే. ఫోన్ వెనక జేబులోంచి తీసి ముందు జేబులో, లేదా రెండో పక్క జేబులో పెట్టి చూడండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. ఇంట్లో తెగుతుంటే ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. ఫోన్‌లో ధ్వని నాణ్యత ఎక్కువ, తక్కువ అనే ఎంపిక ఉంటే రద్దీ చోట తక్కువ పెట్టండి. పంపాల్సిన సమాచారం తగ్గుతుంది.

క్లాసులో మైక్ వేయగానే ధ్వని ఎందుకు పలచబడుతుంది?

ఆన్‌లైన్ క్లాసుల్లో, ఆఫీసు మీటింగుల్లో ఇది చాలామందిని బాధించే సంగతి. పాట దారి ఒకవైపే నడుస్తుంది, ఫోన్ నుంచి చెవికి. మైక్ వేయగానే మాట రెండు వైపులా నడవాలి కాబట్టి పరికరాలు ఫోన్ మాటల దారికి మారతాయి. పాటకు సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటే, ఆ దారిలో పాత పద్ధతిలో 8,000, మెరుగైన పద్ధతిలో 16,000 మాత్రమే. గొంతు అర్థం కావడానికి అవి చాలు, సంగీతానికి చాలవు. ఇది లోపం కాదు. ల్యాప్‌టాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకుని, వినడానికి మాత్రం ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ధ్వని మళ్లీ నిండుగా వస్తుంది. 2020లో ప్రకటించిన బ్లూటూత్ 5.2తో దారి వేసిన ఎల్‌ఈ ఆడియో విధానం ఈ తేడాను తగ్గిస్తుంది. అయితే ఫోన్, ఇయర్‌బడ్స్ రెండూ దాన్ని అందుకోగలిగి ఉండాలి.

ఆటల్లో ధ్వని ఆలస్యం కూడా ఇలాంటిదే. ధ్వనిని కుదించి, పంపి, నిల్వ చేసి, విప్పడానికి సమయం పడుతుంది. సినిమా చూపే యాప్ ఆ మేరకు బొమ్మను ఆపి సరిచేయగలదు. ఆటలో మీరు ఎప్పుడు నొక్కుతారో ముందే తెలియదు కాబట్టి అలా కుదరదు. గేమ్ మోడ్ నిల్వను తగ్గించి ఆలస్యం తగ్గిస్తుంది, బదులుగా ధ్వని తెగే అవకాశం పెరుగుతుంది.

ఏ వరసలో ప్రయత్నించాలి?

చార్జింగ్ చూడండి. పక్క పరికరాల్లో బ్లూటూత్ ఆపండి. ఫోన్ ఆపి ఆన్ చేయండి. రెండు వైపులా చెరిపి మళ్లీ జత చేయండి. ఫోన్‌కూ, కంపెనీ యాప్ ఉంటే దాని ద్వారా ఇయర్‌బడ్స్‌కూ అప్‌డేట్లు ఉన్నాయేమో చూడండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయడం చివరి మాట. అది చేస్తే వైఫై పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి, ముందే రాసి పెట్టుకోండి.

ఇంతా చేసి మారకపోతే ఇయర్‌బడ్స్‌ను ఇంకో ఫోన్‌తో, మీ ఫోన్‌ను ఇంకో ఇయర్‌బడ్స్‌తో జత చేసి చూడండి. తేడా దేని వెంట వెళ్తే దానిలోనే లోపం ఉంది. ఆ సంగతి తేలాకే బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఏం చేసి చూశారో వరసగా చెప్పగలిగితే అక్కడ మీ మాటకు విలువ ఉంటుంది, వారంటీ ఉండగా బాగుచేయించుకునే వస్తువుకు బదులు కొత్తది కొనే పనీ తప్పుతుంది.