ఫిబ్రవరిలో మా ఇంటి క్రిస్మస్



క్రిస్మస్ డిసెంబరు 25నే చేసుకోవాలన్న పట్టింపు మన తెలుగు సంఘాల్లో పెద్దగా లేదు. డిసెంబరు మొదలైతే చాలు, సెమీ క్రిస్మస్‌లు వరుస కడతాయి. బడిలో ఒకరోజు, ఆసుపత్రిలో ఒకరోజు, యువజనులది ఒకరోజు, స్త్రీల సమాజానిది మరొక రోజు. అసలు పండుగ వచ్చేసరికి కేకు మీద మోజు సగం తీరిపోయి ఉంటుంది. ముందుగా చేసుకోవడం మనకు అలవాటే. వెనక్కి జరుపుకోవడం మాత్రం మాకు కొత్త. 2024 డిసెంబరులో చేయవలసిన పండుగను మేము 2025 ఫిబ్రవరి 23, ఆదివారం నాడు చేసుకున్నాం. ఎందుకలా చేశామో రాయమని ఆసుపత్రివారు అడిగారు. మేము అమ్మను అడిగాం. "రాయుండ్రి, నా పేరు మాత్రం వద్దు" అన్నది.

మా ఊరు అనంతగిరి గుట్టల కింద, వికారాబాదు నుండి ధారూరు పోయే దారిలో ఉంది. అమ్మతో ఉండేది మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు. అన్న కుటుంబం పుణెలో, చెల్లి హైదరాబాదులో, చిన్నమ్మవాళ్ళు తాండూరులో, మేనత్తవాళ్ళు జహీరాబాదులో ఉంటారు. ఏడాదంతా ఎవరి బతుకు వారిదే గాని క్రిస్మస్‌కు అందరూ మా ఇంటికే వస్తారు. ఇరవై మూడు మంది, రెండు గదులు. డిసెంబరు చలికి తలుపులు, కిటికీలు బిగించి, గోడ నుండి గోడ దాకా పరుపులు పరచి పడుకుంటాం. మా పిల్లలకు పండుగంటే అదే.

2024 నవంబరులో ధారూరు జాతరకు పోయినప్పుడు అమ్మ దగ్గు సంగతి మాకు గట్టిగా తెలిసింది. ఇంట్లో ఆమె వెనుక అర్రలో పడుకుంటుంది కాబట్టి అంతగా వినపడలేదు. జాతరలో ఒకే గుడారంలో ఉండేసరికి రాత్రంతా వినిపించింది. అడిగితే దసరా నుండి ఉన్నదన్నది. అప్పటికే ఊళ్ళో సూది మందు వేసే ఆయన దగ్గర మూడు సీసాల దగ్గు మందు తాగిందట! సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడేది, జాకెట్లు వదులయ్యాయి. అయినా మన ఆసుపత్రికి తీసుకురావడానికి ఇంకో మూడు వారాలు ఆలస్యం చేశాం. ఆ తప్పు మాదే. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ (కళ్ళె) పరీక్ష చేయించాలని ఈ పత్రికలోనే ఎన్నిసార్లు చదివామో!

డిసెంబరు 12న పరీక్ష ఫలితం వచ్చింది. ఊపిరితిత్తుల టీబీ. అమ్మ బరువు 41 కిలోలు. అదే రోజు మందులు మొదలుపెట్టారు. బరువును బట్టి రోజుకు మూడు మాత్రలు, అన్నీ ఉచితమే. నాలుగు మందులు కలిసిన మాత్రలు మొదటి రెండు నెలలు, మూడు మందులవి తరువాతి నాలుగు నెలలు. మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దని, అది రిఫాంపిసిన్ అనే మందు రంగేనని డాక్టరమ్మ ముందే చెప్పారు. లేకపోతే మేము మరునాడే మళ్ళీ పరుగెత్తి ఉండేవాళ్ళం.

దారిలో అమ్మ ఒక్కటే మాట అన్నది: "ఎవ్వలకూ చెప్పకుండ్రి. పండుగకు అందరినీ రానీయుండ్రి. నేను వెనుక అర్రలోనే ఉంట, జ్వరమని చెప్పుండ్రి."

ఆమె భయానికి కారణం ఉంది. అనంతగిరి గుట్ట మీద నిజాం కాలం నాటి టీబీ శానిటోరియం ఉన్న సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అమ్మ చిన్నతనంలో ఆమె చిన్న తాత అక్కడ చేరాడు. ఒకప్పుడు టీబీకి గుట్ట గాలి, చెట్ల నీడ, పాలు, గుడ్లు, పడకే వైద్యం. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి. మన మిషన్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన శానిటోరియం కూడా ఆ పద్ధతిదే. చిన్న తాత బతికే వచ్చాడు. కాని ఆయన గ్లాసు చివరిదాకా అరుగు మీదనే ఉండేదని, ఆయన బిడ్డల పెళ్ళిళ్ళు ఏళ్ళ తరబడి కుదరలేదని అమ్మ చెబుతుంది. ఎన్ని పండుగలు వచ్చినా ఆయన అరుగు మీదే తిన్నాడట. అమ్మకు టీబీ అంటే ఆ అరుగు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1956లో మద్రాసులో టీబీ రోగులను రెండు భాగాలుగా చేసి ఒక పెద్ద పరిశోధన ప్రారంభించారు. సగం మందికి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, మందులు. మిగతా సగం మందికి వారి ఇరుకు ఇళ్ళలోనే, ఉన్న తిండితోనే, అవే మందులు. ఏడాది తరువాత చూస్తే నయమయిన వారి లెక్క రెండు చోట్లా దాదాపు సమానం. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇంట్లో ఉండి మందులు వాడినవారి కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటలేదు. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత ప్రపంచమంతటా శానిటోరియంల అవసరం తగ్గిపోయింది. రోగిని ఇంటి నుండి పంపేయనక్కరలేదని తేల్చింది మద్రాసు పేదలే.

సరే, పండుగ సంగతి. డాక్టరమ్మను సూటిగా అడిగాం, అందరినీ రమ్మనవచ్చా అని. ఆమె లెక్క వేసి చెప్పారు. మందులు సరిగ్గా వేసుకుంటే రెండు మూడు వారాల్లో అంటించే గుణం చాలా తగ్గిపోతుంది. కాని డిసెంబరు 25 నాటికి అమ్మకు పదమూడు రోజులే అవుతాయి. టీబీ క్రిములు దగ్గితే గాలిలోకి వస్తాయి, తలుపులు మూసిన గదిలో గంటల తరబడి ఉంటాయి. మా పండుగ రాత్రి ఎలా ఉంటుందో పైన రాశాం కదా. పైగా చెల్లికి మూడు నెలల పాప. అంత చిన్న పిల్లలకు టీబీ సోకితే మెదడు దాకా పోయే ప్రమాదం ఉంటుంది. బీసీజీ టీకా ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపలేదు. చిన్నమ్మ భర్తకు పదేళ్ళుగా షుగరు. షుగరు ఉన్నవారికి టీబీ తేలికగా పడుతుంది. "పండుగ మానవద్దు. రెండు నెలల తెమడ పరీక్ష చూసి చేసుకోండి. అప్పటికి చలి కూడా పోతుంది, ఆరుబయట పడుకోవచ్చు" అన్నారు.

చెప్పక తప్పలేదు. ఆ రాత్రే అందరికీ ఫోన్లు చేశాం. చెల్లి ఏడ్చింది. అన్న "ఈసారి క్రిస్మస్ వద్దు" అని పెట్టేశాడు. ఒక వదిన అమ్మకు కంచం, గ్లాసు వేరు పెట్టమన్నది. కంచాల వల్ల, బట్టల వల్ల టీబీ రాదని, గాలి వల్లనే వస్తుందని మేము అప్పుడే విన్నది అప్పజెప్పాం. చెప్పినందుకు అమ్మ మాతో రెండు రోజులు మాట్లాడలేదు. మాత్రలు మాత్రం మా ముందే మింగింది, అదొక్కటే ధైర్యం.

మూడో రోజు మా అయ్యగారు ప్రార్థనకు వచ్చారు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రావద్దన్నది. ఆయన అరుగు మీద కూర్చున్నారు. అమ్మను కూడా గాలి తగిలేటట్టు ఎదురుగా కూర్చోమని, బైబిలు తీసి సంఖ్యాకాండము తొమ్మిదవ అధ్యాయం చదివారు. మాలో ఎవరమూ దాని మీద ప్రసంగం విన్నట్టు గుర్తు లేదు. శవాన్ని ముట్టి అపవిత్రులైనందున కొందరు పస్కా పండుగ ఆచరించలేకపోయారు. మేమెందుకు వెలి కావాలని వారు మోషేనే అడిగారు. మోషే తనంతట తాను జవాబు చెప్పలేదు. ఆగండి, దేవుని అడుగుతానన్నాడు. వచ్చిన జవాబు ఏమంటే, అపవిత్రుడైనవాడు, దూర ప్రయాణంలో ఉన్నవాడు రెండవ నెల పద్నాలుగవ దినాన ఆ పండుగను చేసుకోవచ్చు. చిన్న పండుగ కాదు, అదే పండుగ, అవే పొంగని రొట్టెలు, అవే చేదు కూరలు. దినవృత్తాంతములు రెండవ గ్రంథము ముప్పయ్యవ అధ్యాయంలో హిజ్కియా రాజు దేశం మొత్తానికే అలా ఒక నెల వెనక్కి జరిపాడు. చాలినంతమంది యాజకులు సిద్ధపడలేదు, జనం యెరూషలేముకు చేరలేదు. తీరా చేసుకున్నాక సంతోషం పట్టలేక ఇంకో ఏడు దినాలు పొడిగించారట.

"అమ్మా, నువ్వు రెండవ నెలదానివి" అన్నారు అయ్యగారు. అమ్మ నవ్వలేదు గాని, లోపలికి పోయి చాయ పెట్టింది.

జబ్బు కోసం పండుగను ముందుకు జరిపినవారు కూడా ఉన్నారు. కెనడాలోని సెయింట్ జార్జ్ అనే చిన్న ఊరివాళ్ళు 2015 అక్టోబరులోనే క్రిస్మస్ ఊరేగింపు తీశారు. మెదడులో కణితి ఉన్న ఏడేళ్ళ బాలుడు డిసెంబరు దాకా ఉంటాడో లేడోనని ఊరంతా దీపాలు పెట్టింది. ఆ బిడ్డ ఆ డిసెంబరులోనే ప్రభువు నందు నిద్రించాడు. మా సంగతి అంత కష్టమైనది కాదు. మాకు ఆగితే సరిపోతుంది.

తేదీ కుదరడం మాత్రం తేలిక కాలేదు. జనవరిలో కంది కోత, కొట్టుడు, తూర్పార. మా దిక్కు కంది తాండూరు కందిగా పేరున్న పంట. అది ఇంటికి చేరేదాకా ఎవరికీ పండుగ ధ్యాస ఉండదు. ఫిబ్రవరి 26 శివరాత్రి సెలవని అన్న అదే బాగుందన్నాడు. కాని ఆ రోజు వాడకట్టు అంతా ఉపవాసం ఉంటుంది. ఏటా మా బగారా అన్నం, మటన్ కూర తినే పక్కింటివాళ్ళకు ఆనాడు ఏం పంపుతాం? మార్చి 5న భస్మ బుధవారం, ఆపైన లెంటు దినాలు, పిల్లలకు పరీక్షలు. చివరికి ఫిబ్రవరి 23 ఆదివారం మిగిలింది.

ఈ రెండు నెలలూ ఇంటి ముందు నక్షత్రం దించలేదు. అమ్మే వద్దన్నది. సంక్రాంతి పోయింది, నక్షత్రం అట్లనే ఉన్నది. పిల్లలు, పెద్దలు వచ్చిపోయేటప్పుడు అడిగేవారు. మొదట "ఊరికే" అనేది. జనవరి చివర ఒకనాడు మంచినీళ్ళ దగ్గర అడిగినవారికి, "నాకు టీబీ వచ్చింది. మందులు తింటున్న. తగ్గినంక మా ఇంట్ల పండుగ" అని చెప్పేసింది. మేము చెబితే కోప్పడ్డ మనిషే! ఆ తరువాతి వారం, నెల రోజులుగా దగ్గుతున్న మా వెనుక వీధి ఆయన మా ఇంటికి వచ్చి, తెమడ డబ్బా ఎక్కడ ఇస్తారని మెల్లగా అడిగాడు. ఆయనకు టీబీ లేదని తేలింది, దేవునికి స్తోత్రం. ప్రపంచంలో ప్రతి నలుగురు టీబీ రోగుల్లో ఒకరు మన దేశంవారే. అడగడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో తెమడ పరీక్ష ఫలితం వచ్చింది, క్రిములు లేవు. బరువు 45 కిలోలు. మాతో ఉండే నాలుగేళ్ళ పాపకు, మాకు మొదట్లోనే పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండడానికి మందు ఇచ్చారు. ఇది కొందరు కుటుంబాలవారు తీసుకోరు, జబ్బు లేనివాళ్ళకు మందెందుకని. మేమూ మొదట అట్లనే అన్నాం. పోషణకు ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తుంది. 2024 నవంబరుకు ముందు అది ఐదు వందలే. గుడ్లకు, పాలకు అది బాగా అక్కరకు వచ్చింది.

పండుగ నాడు ఉదయం మందిరంలో మామూలు ఆరాధనే జరిగింది. సాయంత్రం అయ్యగారు ఇంటికి వచ్చారు. వాకిట్లో పందిరి వేసి చాపలు పరిచాం. ఎండాకాలం దగ్గరపడుతుంటే క్రిస్మస్ పాటలు పాడడం మొదట వింతగా అనిపించింది. రెండో పాటకు ఆ వింత పోయింది. చిన్నమ్మ తాండూరు నుండి గరిజలు పెద్ద డబ్బా నిండా తెచ్చింది. షుగరున్న బాబాయి మూడు తిని, నాలుగోది చేతిలో పట్టుకుని చిన్నమ్మ చూపుకు మళ్ళీ డబ్బాలో వేశాడు. ఆయనకు జొన్నరొట్టె, మటన్ కూర పెట్టాం.

చెల్లి పాపను తెచ్చి అమ్మ ఒడిలో పెట్టబోయింది. అమ్మ చేతులు వెనక్కి తీసుకున్నది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "డాక్టరమ్మ నిజంగానే ఎత్తుకోవచ్చన్నదా?" అని మమ్మల్ని అడిగింది. అన్నది అన్నాం. మళ్ళీ అడిగింది. అప్పుడు ఎత్తుకున్నది. నవంబరులో జాతరకు ముందు ఎత్తుకోవడమే, పాప అప్పటికి రెండింతలయింది. ఆ తరువాత భోజనాలయ్యేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

అందరూ వచ్చారని రాయాలని ఉంది గాని మేనత్తవాళ్ళు రాలేదు. పని ఉందన్నారు. అమ్మకు అర్థమయింది. మరునాడు గరిజలు స్టీలు డబ్బాలో పెట్టి వాళ్ళకు పంపింది. ఆ డబ్బా ఇంకా తిరిగి రాలేదు.

అన్న ఆ రాత్రే వెళ్ళవలసింది. హిజ్కియా మాట పిల్లలు గుర్తు చేసి, బుధవారం దాకా ఆపారు. శివరాత్రి నాడు దింపిన నక్షత్రం ఇప్పుడు అటక మీద ఉంది.

మే నెలాఖరుకు అమ్మ మందులు పూర్తయ్యాయి. చివరి పరీక్షలోనూ క్రిములు లేవు. ఆరుబయట పండుకోవడం బాగుంది, ఇక ఏటా ఫిబ్రవరిలోనే పెట్టుకుందామని అన్న పుణె నుండి ఫోనులో అన్నాడు. అమ్మ వినలేదు. డిసెంబరులోనే రమ్మన్నది, ఈసారి చలయినా సరే రాత్రి కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలట.