చినుకు పడని ఊరికి వరద

స్పెయిన్ దేశంలో వాలెన్సియా అనే పట్నం ఉంది. అది మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ చలి తక్కువ. చుట్టూ నారింజ తోటలు.

మన దగ్గర ఎండలు పోగానే వానలొస్తాయి. అక్కడ అలా కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన చాలా తక్కువ. ఏడాదంతా కలిపినా సుమారు 450 మిల్లీమీటర్లే.

ఎండలకు సముద్రం నీరు వేడెక్కుతుంది. ఆవిరి పైకి లేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకాశంలో చల్లగాలి వస్తుంది. ఆవిరి చల్లబడి కుండపోతగా కురుస్తుంది.

1957లో తురియా నది పట్నాన్ని ముంచింది. తర్వాత నదిని పట్నం పక్కకు మళ్ళించారు.

2024 అక్టోబరు 29న కొండల్లో పెద్ద వాన పడింది. తురీస్ అనే ఊళ్ళో ఒక్కరోజే 771 మిల్లీమీటర్లు కురిసింది. పట్నం నడిబొడ్డు మునగలేదు. దక్షిణాన పైపోర్తా వంటి ఊళ్ళు మునిగాయి. పైపోర్తాలో ఆ రోజు వాన లేదనే చెప్పాలి. ఎగువ నుంచి వాగు పొంగి వచ్చింది. ఫోన్లకు హెచ్చరిక రాత్రి 8 దాటాకే అందింది. అప్పటికే వీధుల్లో నీళ్ళు! 220 మందికి పైగా చనిపోయారు. కార్లు తెచ్చుకుందామని కిందికి దిగినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

ఊళ్ళో చినుకు లేకపోయినా, ఎగువన వాన పడితే వాగు వస్తుంది. సామాను పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ప్రాణం పోతే రాదు. వాగు పొంగకముందే మెరక మీదికి చేరాలి.