తొలి మెటల్ డిటెక్టర్: తక్కువ ఖర్చులో రైతుకు పనికొచ్చేది ఏది?

వీడియోలో చూపించిన విషయాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కొనేముందు ఒకసారి తీరిగ్గా చదువుకోండి.

మెటల్ డిటెక్టర్ అనగానే అందరికీ గుప్తనిధులే గుర్తొస్తాయి. మనకు కావాల్సింది నిధి కాదు, మేకు. ప్రకృతి వ్యవసాయంలో జీవామృతమైనా, ఘనజీవామృతమైనా ఆవు లేనిదే లేదు. ఆ ఆవు కడుపులోకి బెత్తెడు బైండింగ్ వైరు ముక్క పోయిందంటే చాలు, ప్రాణం మీదికి రావచ్చు.

ఆవు మేకలాగా ఏరుకుని తినదు. నాలుకతో గడ్డిని చుట్టి లాక్కుని, సరిగా నమలకుండానే మింగుతుంది. ఆ తర్వాత నెమరేస్తుంది. గడ్డితో పాటు వెళ్లిన మేకు బరువుగా ఉంటుంది కాబట్టి, కడుపులో తేనెపట్టు గూళ్లలా కనిపించే రెటిక్యులం అనే గదిలో ఆగిపోతుంది. ఆ గదికి కాస్త ముందే గుండె ఉంటుంది. చూడి నెలలు నిండి కడుపులో ఒత్తిడి పెరిగినప్పుడు, ఈనేటప్పుడు ఆ మేకు ముందుకు గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ. ఆవు మేత మానేయడం, పాలు ఒక్కసారిగా తగ్గిపోవడం, వీపు విల్లులా వంచి నిలబడటం, మోచేతులు బయటికి పెట్టడం, గంగడోలు దగ్గర వాపు రావడం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే నాటువైద్యంతో రోజులు గడపకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఈ ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది?

పాత ఇల్లు పడగొట్టిన మట్టిని పొలానికి తోలితే వస్తుంది. పందిరి కూరగాయల తీగలు, ముళ్లకంచె తుంపులు, ఊడిపోయిన రోటవేటర్ బోల్టులు, టైర్లు కాల్చిన చోట మిగిలిన సన్నతీగ, బయట కొన్న పేడలో వచ్చే సూదులు, బ్లేడ్లు, ఇలా ఎన్నో దారులు. లోతుగా దున్నని పొలంలో ఇవి పైపైనే ఉంటాయి. అది మనకు మంచిదే, వెతకడం తేలిక.

ముందు అయస్కాంతం, తర్వాతే యంత్రం

చేతిలో డబ్బు తక్కువుంటే మొదటి ఖర్చు అయస్కాంతం మీద పెట్టండి. పాత స్పీకర్ అయస్కాంతమైనా సరిపోతుంది. దాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి తాడు కట్టి కొట్టం చుట్టూ, గడ్డివాము కింద, కళ్లంలో లాగండి. సంచిని తిరగేస్తే అంటుకున్న మేకులన్నీ ఒకేచోట రాలిపోతాయి. చాఫ్ కట్టర్‌లోంచి ముక్కలు పడే చోట ఇంకో అయస్కాంతం బిగించుకోవచ్చు. అల్యూమినియం, రాగి దీనికి అంటవు. మట్టిలో కూరుకుపోయిన వాటినీ ఇది లాగలేదు. యంత్రంతో పని పడేది అక్కడే.

ఆవు కడుపులోనే ఉండిపోయే ప్రత్యేక అయస్కాంతాలు కూడా ఉన్నాయి. నోటి ద్వారా వేస్తారు. అది పశువైద్యుడి సలహాతో, ఆయన చేతుల మీదుగానే జరగాలి.

రెండు రకాలు, రెండు పనులు

గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లు పట్టుకునే చేతికర్ర లాంటిది చవకది. అది కొన్ని అంగుళాల దూరంలోని లోహాన్నే పట్టుకుంటుంది. నేల మీద టార్పాలిన్ పరిచి, కోసిన మేతను పల్చగా ఆరబోసి దాని మీద తిప్పడానికి బాగా పనికొస్తుంది. మోపు కట్టిన గడ్డి మీద తిప్పితే నడుమ ఉన్న మేకు దొరకదు. సిమెంటు గచ్చు మీద కూడా పెట్టొద్దు, లోపలి ఇనుప చువ్వలకు అది మోగుతూనే ఉంటుంది.

రెండోది కర్ర చివర గుండ్రటి చుట్ట ఉండే నేల డిటెక్టర్. చుట్టలోని ఒక తీగ అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. మట్టిలో లోహం ఉంటే దానిలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ మార్పును చుట్టలోని రెండో తీగ పసిగట్టి మోగుతుంది. తక్కువ ధర యంత్రాల్లో చిన్న మేకు కొద్ది అంగుళాల లోతు వరకే తెలుస్తుంది. పెద్ద వస్తువైతే ఇంకాస్త లోతులోనూ తెలుస్తుంది. మీటర్ల లోతు చూపిస్తుందని చెప్పే ప్రకటనలను నమ్మొద్దు.

కొనేముందు చూడాల్సినవి

1. ఇనుమును పట్టే మోడ్. నాణేలు వెతికేవాళ్లు ఇనుమును వదిలేసే యంత్రాలను మెచ్చుకుంటారు. మన అవసరం దానికి పూర్తిగా ఎదురు. 'ఆల్ మెటల్' మోడ్ తప్పకుండా ఉండాలి. నాణేల మోడ్‌లో పెట్టి తిప్పితే మేకు దగ్గర యంత్రం మౌనంగా ఉండిపోవచ్చు.

2. గ్రౌండ్ బ్యాలెన్స్. ఎర్ర చెలకల్లో ఇనుప ఆక్సైడ్లు ఉంటాయి. నల్లరాతి నుంచి ఏర్పడిన నల్లరేగడిలో, తీరంలోని తడి చౌడు నేలల్లో కూడా యంత్రం ఊరికే మోగుతుంటుంది. దాన్ని మన నేలకు తగ్గట్టు సరిచేసుకునే సౌకర్యం ఉంటే మేలు. గారెట్ ఏస్ 200 లాంటి ప్రారంభ మోడళ్లలో ఇది కంపెనీలోనే అమర్చి వస్తుంది. నోక్టా సింప్లెక్స్ ప్లస్‌లో మనమే సరిచేసుకోవచ్చు. ఏస్ 200 పనిచేసేది 6.5 కిలోహెర్ట్జ్‌తో, సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్‌తో. మామూలుగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చిన్న వస్తువులు బాగా తెలుస్తాయి.

3. చుట్ట సైజు. పెద్ద చుట్ట ఎక్కువ నేల చుట్టేస్తుంది కానీ చిన్న మేకును వదిలేయొచ్చు. కొట్టం, పాదుల మధ్య పనికి చిన్న చుట్టే నయం.

4. బరువు, బ్యాటరీ. గంటసేపు ఒంటిచేత్తో ఊపాలి కాబట్టి పట్టుకుని చూడండి. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే ఊళ్లో ఇబ్బంది ఉండదు.

డబ్బులిచ్చే ముందు ఈ పరీక్ష చేయండి

మీ సొంత మట్టిలో రెండంగుళాల మేకులు మూడు, 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో పాతండి. పక్కన బైండింగ్ వైరు ముక్క ఒకటి. గుర్తు పుల్లలు పెట్టి యంత్రం తిప్పండి. గాలిలో చూపించే దూరం చూసి మోసపోవద్దు, మట్టిలో అంత రాదు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ముగిసేలోపే ఈ పని పూర్తి చేయాలి.

చుట్టను నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, నేలకు సమాంతరంగా, నిదానంగా ఊపండి. ప్రతి ఊపూ ముందు ఊపు మీదికి సగం రావాలి. మోగిన చోట అడ్డంగా, నిలువుగా తిప్పితే సరైన చోటు దొరుకుతుంది. ఆచ్ఛాదన పరిచాక చుట్ట పైకి లేచి లోతు తగ్గిపోతుంది, అందుకే పరచకముందే వెతకండి. పార, గునపం, సెల్‌ఫోన్ దూరంగా పెట్టండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లోని తూటా కోసం గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే వాడాడు. మంచంలోని ఉక్కు తీగలు అతన్ని తికమక పెట్టాయి. మన చెప్పుల్లో మేకులున్నా అదే తంతు. మోటారు తీగలు పాతిన చోట కరెంటు ఆపాకే తవ్వండి. ప్లాస్టిక్ పైపు ఈ యంత్రానికి తెలియదని గుర్తుంచుకోండి.

ఈ మోసాలకు దూరం

దూరం నుంచే బంగారం చూపిస్తుందంటూ యాంటెన్నా పుల్లలు అమ్మేవాళ్లున్నారు. ఇలాంటి ఉత్త పుల్లనే బాంబు డిటెక్టరని చెప్పి ఏ.డి.ఇ. 651 పేరుతో ఇరాక్‌కు కూడా అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు శిక్ష పడింది. బ్యాటరీ లేని, చుట్ట లేని యంత్రాన్ని ముట్టుకోవద్దు.

పొలంలో నిజంగానే పాత నాణేలు, విగ్రహాలు బయటపడితే దాచొద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం రూ. 10 దాటిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే శిక్ష ఉంది. పురావస్తు శాఖ రక్షిత స్థలాల దరిదాపుల్లోకి యంత్రం పట్టుకెళ్లొద్దు.

చివరిగా

నేల డిటెక్టర్ రోజూ వాడేది కాదు. ఏడాదికి నాలుగైదు రోజుల పని. అందుకే అయస్కాంతం ఇంటికొకటి కొనండి. నేల యంత్రాన్ని పదిమంది రైతులో, మహిళా సంఘమో కలిసి ఒకటి తీసుకోండి. అప్పుడు మంచి యంత్రమే తక్కువ వాటాకు వస్తుంది. ఇంటి పనులు, కంచె పనులు జరిగిన రోజు మాత్రం దేనికోసమూ ఆగకండి. సాయంత్రం ఆవును కట్టేసే లోపు ఆ చోట అయస్కాంతం లాగండి.