గట్టు తెగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

నాట్లేసిన మూడు వారాలకు మావయ్య యూరియా చల్లించారు. ఆ రాత్రే వాన. తెల్లారి వెళ్లేసరికి గట్టు తెగి, మడిలో నీళ్లన్నీ మురుగుకాలువలోకి దూకుతున్నాయి. "పోనీలేరా, కాలువలో కలిసిపోతాయి" అన్నారు. ఆ కాలువ పోయేది కొల్లేటి సరస్సుకి.

అపోహ: సరస్సును పాడుచేసేది ఫ్యాక్టరీలే.

వాస్తవం: ఫ్యాక్టరీ గొట్టాన్ని వేలు పెట్టి చూపించొచ్చు. పొలాల్లోంచి, వీధుల్లోంచి, చేపల చెరువుల్లోంచి వాన మోసుకొచ్చే మురికికి గొట్టమంటూ ఉండదు. అందుకే అది మన లెక్కలోకి రాదు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. నీళ్లు తగిలితే ఇట్టే కరిగిపోతుంది. ఆ పూట పడిన గండిలోంచి మావయ్య డబ్బూ పోయింది, కొల్లేటికి చేటూ వెళ్లింది.

అపోహ: పెద్ద వరదొస్తే మురికంతా కొట్టుకుపోతుంది.

వాస్తవం: కొల్లేటికి నీళ్లు తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, కాలువలు. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరే. వరద బురదను అంటిపెట్టుకుని వచ్చిన భాస్వరం చాలావరకు అడుగున పేరుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ తగ్గినప్పుడు మళ్లీ నీళ్లలోకి విడుదలవుతుంది.

అపోహ: గుర్రపుడెక్క నీటిని శుభ్రం చేస్తుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. బతికున్నంతకాలం అది నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటుంది. కానీ దట్టంగా కమ్మేస్తే ఎండ లోపలికి దిగదు. చచ్చి కుళ్లితే పీల్చినదంతా నీళ్లలోనే కక్కుతుంది, ఉన్న ఆక్సిజన్ కాస్తా హరించుకుపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చూసినవాళ్లకు ఆ ఉక్కిరిబిక్కిరి తెలుసు. తీసిన డెక్కను ఒడ్డునే కుప్పపోస్తే వానకు ఆ రసం మళ్లీ సరస్సులోకే. దూరంగా తీసుకెళ్లి కంపోస్టు చేయాలి.

అపోహ: అభయారణ్యం కదా, ప్రభుత్వమే కాపాడుతుంది.

వాస్తవం: 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ హద్దురాళ్లు నీటిని ఆపలేవు. ఆపాల్సింది ఎగువన, మన మడిలోనే.

ఈ ఏడు మావయ్య మబ్బు చూసుకుని మరీ యూరియా తీశారు. మడిలో నీరు పలచగా తీసి, చల్లించి, రెండు రోజులు తూము మూసే ఉంచారు. ఎలుకలు చేరతాయని ఏటా గడ్డి చెక్కించే గట్లలో, మురుగుకాలువ వైపుది మాత్రం ముట్టుకోనివ్వలేదు. మొన్నటి వానకు దిగిన ఒండ్రంతా ఆ గడ్డి మొదళ్లలోనే ఆగింది.