ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన తేదీ

ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన తేదీ అనగా ఒక కంప్యూటరులో విండోస్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థను స్థాపించిన రోజు మరియు సమయము. వాడిన కంప్యూటరును కొనేవారు, మరమ్మతు చేసేవారు, నేర పరిశోధనలో డిజిటల్ ఆధారాలను పరిశీలించేవారు ఈ తేదీని తెలుసుకొనవలసి వస్తుంది. ఇది కంప్యూటరు తయారైన తేదీ కాదు. అనేక సందర్భాలలో ఇది మొట్టమొదటి స్థాపన తేదీ కూడా కాకపోవచ్చును.

విండోస్‌లో

విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ (2001) మరియు తరువాతి విండోస్‌లలో సిస్టమ్‌ఇన్ఫో అను ఆదేశము కలదు. కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఈ ఆదేశమును ఇచ్చినచో, వచ్చే వివరాలలో "ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్" అను వరుసలో తేదీ కనిపిస్తుంది.

ఈ తేదీ రిజిస్ట్రీలో భద్రపరచబడి ఉంటుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్ అను వరుసలో వెళ్ళినచో ఇన్‌స్టాల్‌డేట్ అను విలువ ఉంటుంది. అది 1970 జనవరి 1 అర్ధరాత్రి నుండి గడచిన సెకన్ల సంఖ్య. ఈ లెక్క సార్వత్రిక సమయములో ఉంటుంది.

ఉదాహరణకు ఆ విలువ 1262304000 అనుకొనినచో, దానిని రోజుకు గల 86400 సెకన్లతో భాగించగా 14610 రోజులు వచ్చును. ఇవి 10 లీపు దినములతో కూడిన సరిగ్గా 40 సంవత్సరములు. కావున స్థాపన తేదీ 2010 జనవరి 1. భారత కాలమానము ప్రకారము అప్పుడు సమయము ఉదయము 5:30 గంటలు.

విండోస్ 10లో వచ్చిన మార్పు

2015 జూలై 29న విడుదలైన విండోస్ 10లో పూర్తి స్థాయి ఫీచర్ అప్‌డేట్ జరిగినపుడు పాత వ్యవస్థ స్థానములో కొత్తది స్థాపించబడుతుంది. అందువలన ఇన్‌స్టాల్‌డేట్ విలువ కూడా ఆ రోజుకు మారిపోతుంది. నెలవారీ భద్రతా నవీకరణల వలన ఇలా జరగదు. పాత విలువలు హెచ్‌కీ లోకల్ మెషీన్‌లోని సిస్టమ్, సెటప్ కింద "సోర్స్ ఓఎస్" అని మొదలయ్యే కీలలో ఉంటాయి. మొదటి స్థాపన తేదీ కావలసినవారు వీటిలో అన్నింటికన్నా పాతదానిని చూడవలెను.

లినక్స్, మ్యాక్‌లలో

లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తాను ఏర్పడిన సమయమును తనలోనే నమోదు చేసుకొంటుంది. రూట్ అధికారముతో ట్యూన్2ఎఫ్ఎస్ ఆదేశమును ఎల్ ఐచ్ఛికముతో ఇచ్చి దీనిని చూడవచ్చును. స్థాపన సమయములో విభజనను ఫార్మాట్ చేసి ఉంటేనే ఈ తేదీ స్థాపన తేదీతో సరిపోతుంది. డెబియన్, ఉబుంటులలో స్థాపన నాటి చిట్టాలు వార్, లాగ్, ఇన్‌స్టాలర్ అను ఫోల్డరులో ఉంటాయి.

మ్యాక్‌లో ప్రారంభ అమరిక పూర్తికాగానే ఆపిల్‌సెటప్‌డన్ అను దాచిన ఫైలు ఏర్పడుతుంది. దాని తేదీ ఒక సూచనగా ఉపయోగపడుతుంది.

పరిమితులు

స్థాపన సమయములో కంప్యూటరు గడియారము తప్పుగా ఉన్నచో నమోదైన తేదీ కూడా తప్పుగానే ఉంటుంది. మదర్‌బోర్డు పైనున్న బ్యాటరీ అయిపోయిన యంత్రాలలో ఇలా జరుగును. ఒక డిస్కును ఉన్నదున్నట్లుగా వేరొక డిస్కుకు నకలు తీసినచో పాత తేదీయే కొత్త డిస్కుకు వచ్చును. నిర్వాహకుని అధికారము గలవారు రిజిస్ట్రీ విలువను మార్చగలరు కూడా. కావున పరిశోధకులు ఈ ఒక్క తేదీపై ఆధారపడక, వాడుకరి ఖాతాలు ఏర్పడిన సమయము, చిట్టాలలోని తొలి నమోదులు మొదలైనవాటితో దానిని సరిపోల్చుతారు.