ల్యాబు రిపోర్టు వచ్చేలోపు

నేను పీఆర్ మనిషిని. హైదరాబాద్‌లో ఈ పనిలో చేరినప్పుడు నా సరంజామా ఒక ఫైలు, కొన్ని ప్రెస్‌నోటు జిరాక్సులు. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో మీట్ పెట్టించడం, మర్నాడు పేపర్లు తిరగేసి కటింగులు అతికించడం, అంతే. ఇప్పుడు నాకొచ్చే ఫోన్లు వేరు. "మేడమ్, మా బిర్యానీలో పురుగొచ్చిందని ఎవడో రీల్ పెట్టాడు. తీయించెయ్యండి."

ఒకచోట తీయించినా అప్పటికే అది వాట్సాప్ గ్రూపులు దాటి ఉంటుంది. అలాంటివాళ్లకు నేను మ్యాగీ నూడుల్స్ సంగతి చెబుతాను.

ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం ఉందని 2015 మేలో గుప్పుమంది. పరిమితి 2.5. ప్యాకెట్ మీదేమో 'అదనంగా ఎంఎస్‌జీ కలపలేదు' అని రాసుంది, పరీక్షలో మాత్రం ఎంఎస్‌జీలో ఉండే గ్లుటమేట్ తేలింది. మేం కలపలేదు, గోధుమపిండి, ఉల్లిపొడి లాంటివాటిలో సహజంగా ఉండేదే అది అని మ్యాగీ తయారుచేసే నెస్లే వివరణ ఇచ్చింది. శాస్త్రం ఒప్పుకునే మాటే. చదివినవాళ్లకు మాత్రం లేబుల్ మీద అబద్ధం రాసి ఇప్పుడు సర్దుకుంటున్నారనిపించింది. పిల్లల తల్లికి కావలసింది రసాయనాల పాఠం కాదు, ఈ రాత్రి పెట్టొచ్చా లేదా అన్న జవాబు. కంపెనీ ప్రపంచ అధిపతి పాల్ బుల్కే ఢిల్లీలో విలేకరుల ముందుకొచ్చేసరికి జూన్ 5. ఆ రోజే దేశమంతా అమ్మకాలు ఆపమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉత్తర్వు ఇచ్చింది.

ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి, మూడు ల్యాబుల్లో మళ్లీ పరీక్షించమంది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌లోని విమ్టా. సీసం పరిమితిలోపే ఉందని తేలింది. నవంబర్‌లో మ్యాగీ మళ్లీ కొట్లకొచ్చింది. కంపెనీ మాటే నెగ్గింది, కాకపోతే అయిదు నెలలు పట్టింది. ఈలోగా ఆగస్టులోనే 'వీ మిస్ యూ టూ' అంటూ చిన్న వీడియోలు వదిలారు. మ్యాగీ లేక అల్లాడే బ్రహ్మచారుల గోల తప్ప వాటిలో పీపీఎంల ఊసే లేదు.

ల్యాబుకు దాని టైమ్ దానికి కావాలి. జనం అంతదాకా ఆగరు. అందుకే బిర్యానీ ఆయన్ని ముందు ఒకటే అడిగాను, పురుగు నిజమా కాదా అని. నిజమైతే వీడియోకన్నా ముందు వంటగది సంగతి చూడాలి. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. "ఆ బ్యాచ్ అమ్మకం ఆపాం, శాంపిల్ పరీక్షకు పంపాం, రేపు సాయంత్రం ఆరింటికి మళ్లీ మాట్లాడతాం." ఈ మూడు ముక్కలూ గంటలోపు, తెలుగులో, ఆ రీల్ తిరుగుతున్నచోటే, యజమాని నోటితో రావాలి. కౌంటర్ కుర్రాడొకటి, ఓనరుగారబ్బాయి ఇంకొకటి అంటే రెండూ స్క్రీన్‌షాట్లవుతాయి.

డబ్బిచ్చి అయిదు చుక్కల రివ్యూలు రాయిస్తామనేవాళ్లు అప్పుడే తయారవుతారు. ఇన్‌ఫ్లుయెన్సర్‌తో పొగిడిస్తే అది ప్రకటనేనని వీడియోలో చెప్పి తీరాలని 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ మార్గదర్శకాలున్నాయి. దాస్తే మొదటి గొడవ మీద రెండోది.

ఈ పనికి అసలు రోజులు గొడవ లేని రోజులే. కూర చల్లారిపోయిందని ఎవరో రెండు చుక్కలిస్తే, యజమాని పేరుతో అక్కడే జవాబివ్వాలి. అది చూసినవాళ్లు ఆపద రోజున ఆయన మాట వింటారు. ఏడాది పొడుగునా పలకని కొట్టు ఆరోజు ఎంత చక్కగా చెప్పినా, వకీలు రాసిచ్చిన మాటల్లాగే ఉంటుంది.